ముందు చదివిన నంబరు

ప్రింటరులోంచి వచ్చిన కాగితాన్ని కంప్యూటరమ్మ చదవకుండానే ఇన్‌చార్జి చేతికిచ్చింది. చదవడానికి అందులో కొత్తగా ఏముంటుంది? రెండేళ్ళ కిందట తానే జావాలో రాసిన ప్రోగ్రాము అది. పంపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో పదకొండు కంప్యూటర్లున్నాయి. వాటిలో దేనికి ఎవరు ఏ యూఎస్‌బీ పరికరం తగిలించినా, దాని కంపెనీ, మోడలు, లోపల దాగి ఉండే సీరియల్ నంబరు చదివి, టైముతో సహా రాసిపెడుతుంది. దాంట్లోకి ఏ ఫోల్డరు వెళ్ళిందో కూడా రాస్తుంది. సెక్షనుకి ఒకటి చొప్పున పెన్‌డ్రైవులు పంచినప్పుడు ఏ నంబరుది ఎవరికిచ్చారో పుస్తకంలో ఎక్కించారు కాబట్టి, నంబరు తెలిస్తే మనిషి తెలిసినట్టే. ఆ ప్రోగ్రాము పుణ్యమా అని ఆమెకు కంప్యూటరమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆమే వెంటనే పలకదు.

కొత్త పంపు డ్రాయింగులు పోటీ కంపెనీ వాళ్ళ బల్ల మీద తేలాయని పొద్దున పెద్దాఫీసు నుంచి ఫోను వచ్చింది. అప్పటినుంచి ఇన్‌చార్జి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ వచ్చాడు. వేలు ఒకచోట ఆగింది.

"పద్దెనిమిదో తారీఖు. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. కొలతల గది కంప్యూటరు. డ్రాయింగుల ఫోల్డరు మొత్తం," అని చదివి, "మైక్రాన్ మాస్టారు," అన్నాడు.

అని కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మొహంలోకి మళ్ళీ కళ రావడం కంప్యూటరమ్మ చూసింది. పెద్దాఫీసుకి చెప్పడానికి ఒక పేరు దొరికింది మరి.

మాస్టారిని పిలిపించారు. ఆయన ఇరవయ్యారేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో కొలతల గది చూస్తున్నాడు. పోత పోసిన ప్రతి భాగమూ ఆయన బల్ల మీదికి వచ్చి, ఆయన సరేనంటేనే ముందుకు కదులుతుంది. టైమెంతయింది మాస్టారూ అని అడిగితే, "పదకొండు ముప్పావు, ఒక నిమిషం అటూ ఇటూ" అంటాడు. అందుకే మిల్లీమీటరులో వెయ్యో వంతైన మైక్రాన్ పేరు పెట్టారు. కొలిచే మెషిను పాతది, దానికి నెట్‌వర్కు లేదు. రోజూ కొలతలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, పక్కనున్న కంప్యూటరులో దించుతాడు. ఆ డ్రైవుకి ఎర్ర దారం కట్టి ఉంటుంది.

"పద్దెనిమిదిన ఒంటిగంటా నలభైకి ఎక్కడున్నారు?" ఇన్‌చార్జి అడిగాడు.

"భోజనానికి వెళ్ళాను సార్. ఒంటిగంటన్నర నుంచి రెండింటిదాకా నాకు భోజనం."

"డ్రైవు ఎక్కడుంది?"

"నా జేబులో. ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది." చొక్కా జేబులోంచి దారం పట్టుకుని పైకి లాగి చూపించాడు.

"కాగితం ఇంకోలా చెప్తోంది మాస్టారూ. పోనీ, మర్చిపోయి కంప్యూటరు దగ్గర వదిలేశానన్నా బావుండేది."

"వదిలేస్తే అలాగే చెప్పేవాణ్ణి సార్."

ఇన్‌చార్జి నిట్టూర్చాడు. మాస్టారు ఆయన్ని వదిలి కంప్యూటరమ్మ వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు, అదే ఆమెకి ఇబ్బందిగా ఉంది.

"అమ్మా, మీ ప్రోగ్రాముని ఎప్పుడైనా కొలిచి చూశారా?"

"అంటే?"

"నేను పొద్దున్నే మెషిను ఆన్ చెయ్యగానే ముందు స్టీలు బ్లాకు పెట్టి చూస్తాను. పాతిక మిల్లీమీటర్ల బ్లాకు. మెషిను పాతిక చూపిస్తేనే ఆ రోజు పని మొదలుపెడతాను. చూపించకపోతే ఆ రోజు ఎవరి పనీ తప్పని చెప్పను. అలాంటిది మీకూ ఒకటుంటుంది కదా అని."

ఇన్‌చార్జే అందుకున్నాడు. "రెండేళ్ళ నుంచి నడుస్తోంది మాస్టారూ. ఒక్క రోజు, ఒక్కసారి కూడా ఆగలేదు."

అది నిజమే. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ మాట విని ఆమె లోలోపల ధైర్యం తెచ్చుకుంది కూడా.

డ్రైవుని గోధుమరంగు కవరులో పెట్టి అతికించి, అతుకు మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు. కవరు ఇన్‌చార్జి బీరువాలోకి వెళ్ళింది. శుక్రవారం పెద్దాఫీసు నుంచి ఒక మేడమ్ విచారణకి వస్తుంది. అప్పటిదాకా మాస్టారు లోపలికి రాకూడదు, కానీ రోజూ పదింటికి గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళాలి. సస్పెన్షనులో ఉన్నవాళ్ళు ఊరొదిలి పోలేదని చూసుకోవడానికి ఆ ఫ్యాక్టరీ పెట్టుకున్న పద్ధతది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, గది తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. దొంగతనం అంటగట్టి పంపిస్తే ఆ వయసులో ఇంకెక్కడా కొలతల పనికి పిలవరు. కొలిచేవాడికి నమ్మకం తప్ప వేరే పెట్టుబడి ఉండదు.

మర్నాడు భోజనాల గదిలో మాస్టారు రోజూ కూర్చునే కిటికీ పక్క కుర్చీని ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ ఆయన మాట కూడా ఎత్తలేదు. నిన్నటిదాకా ఆయన చేత తిట్లు తిని, ఆయన చేతే సరేననిపించుకుని బతికిన లేతు మెషిను వాళ్ళు, తలలు వంచుకుని గబగబా తినేసి లేచారు. కంప్యూటరమ్మ వచ్చి కూర్చుంటే బల్ల చివర మాటలు ఆగిపోయాయి. ఆమెని చూసి నవ్వినవాళ్ళు కూడా కాస్త ఎక్కువగానే నవ్వారు. ఈసారి కాగితంలో ఎవరి పేరు వస్తుందోనన్న భయం ఆ నవ్వుల్లో ఉంది.

కొత్త మనిషి దొరికేదాకా కొలతలు దించే పని ఆమే చూడాలన్నాడు ఇన్‌చార్జి. పన్నెండున్నరకి తాళం తీసుకుని కొలతల గదికి వెళ్ళింది. గది చల్లగా ఉంది. నల్లరాతి బల్ల మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంది. పక్కన చెక్కపెట్టెలో, మెత్తటి తోలు మడతలో, ఆ స్టీలు బ్లాకు. గోడ వారన సుద్దముక్కతో నంబర్లు వేసిన పంపు భాగాలు బారులు తీరి ఉన్నాయి, ఆయన రాకపోతే అవి కదలవు. ఆమె కొలతలు దించడానికి డ్రైవు కోసం చెయ్యి చాచి, అది ఎక్కడుందో గుర్తొచ్చి ఆగిపోయింది. ఇంకో డ్రైవు తెప్పించమని స్టోరుకి ఫోను చేస్తే ఫోనులో చార్జి అడుగంటింది. సంచిలోంచి వైరు తీసి, ఫోనుని ఆ కంప్యూటరుకే తగిలించింది. స్టోరువాళ్ళు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, అలవాటు కొద్దీ తెర మీద తన రికార్డు తెరిచింది.

అడుగున కొత్త వరుస ఒకటి చేరి ఉంది. పన్నెండు ముప్పై ఎనిమిది. కొలతల గది కంప్యూటరు. నంబరు మాస్టారిది. మనిషి: కొలతల మాస్టారు.

ఆమె వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. గదిలో ఎవరూ లేరు. ఫోను వైరు పీకింది. మళ్ళీ పెట్టింది. ఇంకో వరుస చేరింది, అదే నంబరు, అదే పేరు. ఆ నంబరున్న డ్రైవు ఇన్‌చార్జి బీరువాలో, అతికించిన కవరులో, మూడు సంతకాల కింద పడి ఉంది. అందులో ఒక సంతకం తనదే.

స్టోరువాళ్ళు కొత్త డ్రైవు తెచ్చి, తాళం వేసిన ఆ గది తలుపు కొట్టేసరికి ఆమె తన సీటు దగ్గరుంది; ఆ డ్రైవుని శుక్రవారందాకా ఎవరూ ఆ కంప్యూటరుకి తగిలించలేదు. ప్రోగ్రాము తెరిచి కూర్చుంది. తను రాసిందే అయినా, రెండేళ్ళ తర్వాత చూస్తే ఎవరిదో దస్తూరీలా ఉంది.

పరికరం కంపెనీ, మోడలు చదవడానికి దాని తలుపు తెరవక్కర్లేదు, గుమ్మం మీద బోర్డు చదివినట్టు బయటినుంచే చదవచ్చు. సీరియల్ నంబరుకి మాత్రం లోపలికి వెళ్ళాలి, వెళ్ళడానికి అనుమతి ఉండాలి. అప్పట్లో ఆమె ఆ అనుమతి ఫ్యాక్టరీ పంచిన డ్రైవులకే రాసింది. వేరే ఏది తగిలించినా 'అనుమతి లేదు' అని ఎర్రర్ వచ్చి ప్రోగ్రాము కుప్పకూలేది. అదే సంగతి పట్టుకుని నాలుగు రోజులు కుస్తీ పట్టింది. ఐదో రోజు పొద్దున పెద్దాఫీసు వాళ్ళకి చూపించాలి. గంట ముందు కూడా కూలింది. అప్పుడేం చేసిందో ఇప్పుడు తెర మీద కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. ఎర్రర్ వస్తే పట్టుకోమని రాసి, పట్టుకున్నాక ఏం చెయ్యాలో ఏమీ రాయకుండా వదిలేసింది. రెండు బ్రాకెట్లు, మధ్యలో ఖాళీ. పక్కన తనే రాసుకున్న మాట: డెమో అయ్యాక చూడాలి.

డెమో బ్రహ్మాండంగా జరిగింది. ప్రోగ్రాము మళ్ళీ కూలలేదు. ఎవరూ చూడలేదు.

ఆ ఖాళీ వల్ల జరిగేది ఇంతే. కొత్త పరికరం నంబరు చదవడం కుదరకపోతే, నంబరు రాసే గడిలో అంతకు ముందు చదివినదే అలా ఉండిపోతుంది. ప్రోగ్రాము కిమ్మనకుండా దాన్నే మళ్ళీ రాసేస్తుంది. కొలతల గది కంప్యూటరుకి రోజూ డ్రైవు తగిలించేది మాస్టారొక్కడే. కాబట్టి ఆయన తర్వాత ఎవరు ఏం తగిలించినా అది మాస్టారి లెక్కలోకే పోతుంది. ఎంత ఒళ్ళు వంచి రోజూ పని చేస్తే అన్ని తప్పులు ఆయన నెత్తిన పడతాయన్నమాట.

పూర్తి రికార్డులో కంపెనీ, మోడలు గడులు కూడా ఉన్నాయి. అవి ఎప్పుడూ సరిగ్గానే పడ్డాయి. చూసేవాళ్ళకి గజిబిజిగా ఉంటుందని ప్రింటులోంచి వాటిని ఇన్‌చార్జి తీసెయ్యమన్నాడు, ఈమె తీసేసింది. ఇప్పుడు తెర మీద పద్దెనిమిదో తారీఖు వరుస చూస్తే, నంబరు మాస్టారి డ్రైవుది, మోడలేమో ఒక ఫోనుది. ఫ్యాక్టరీలో సగం మంది దగ్గరున్న ఫోను. నంబరూ మోడలూ పొసగని వరుసలు ఇంకేమైనా ఉన్నాయేమోనని వెతికింది. రెండేళ్ళలో నలభై ఒకటి తేలాయి. ఎక్కువభాగం చార్జింగుకి పెట్టుకున్నవే అయ్యుండాలి. పైనుంచి కిందికి దిగుతూ పందొమ్మిదో వరుస దగ్గర ఆగిపోయింది. నిరుడు, ప్యాకింగు సెక్షను, పంపుల ధరల పట్టిక.

లేబుళ్ళ అమ్మాయి. పెట్టెల మీద అంటించే లేబుళ్ళని డ్రైవులో తెచ్చుకుని ప్రింటు తీసుకునే పిల్ల. కొత్తగా పెళ్ళయి పనిలో చేరింది. ధరల పట్టిక బయటికి పంపిందని, విచారణ చేసి రెండు రోజుల్లో తీసేశారు. ఆ కాగితం ప్రింటు తీసిచ్చింది కూడా ఈ చేతులే. అప్పుడూ చదవలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర మాడింది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేసే మొగుడు, వాసన పట్టుకుని వంటింట్లోకి వచ్చి స్టవ్ ఆపాడు. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. విషయమంతా చెప్పింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని విన్నాడు.

"నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు. ఆ ఖాళీలో ఒక్క మాట రాస్తే సరిపోతుంది. రేపట్నుంచి అన్నీ సరిగ్గా పడతాయి."

"చెప్తే?"

"నా ఉద్యోగం ఉండదు. ఉన్నా, నా మొహం ఎవరూ చూడరు."

ఆయన మాడిన గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టాడు. "మొన్న ఒకాయనకి ఎడమ అద్దం కుడికి, కుడి అద్దం ఎడమకి వేసిచ్చాను. వారం రోజులు తలనొప్పితో తిరిగాడట పాపం. కళ్ళు పాడయ్యాయనుకుని భయపడ్డాడు గానీ, అద్దాలు తప్పేమోనని అనుకోలేదు. నాకు చెప్తుంటే సిగ్గేసింది."

"మరేం చేశావు?"

"మార్చిచ్చాను. తప్పు నాదని చెప్పాను. ఆయన ఊరుకున్నాడు గానీ మా ఓనరు ఒంటికాలి మీద లేచాడు." గిన్నె పక్కన పెట్టి, "నీది కళ్ళజోడు కాదులే," అన్నాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

గురువారం పొద్దున్నే ఇన్‌చార్జికి చెప్పింది. ఆయన కేకలేస్తాడనుకుంది. వెయ్యలేదు. లేచి తలుపు దగ్గరగా వేసి, ఆమెకి కుర్చీ చూపించి, మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఆమెకి అప్పుడే భయమేసింది.

"లైను సరిచేశావా?"

"చేశాను సార్. ఇంకా కంప్యూటర్లలోకి ఎక్కించలేదు. ఎక్కిస్తే, నంబరు చదవలేకపోయినచోట 'తెలియదు' అని పడుతుంది."

"మంచిది. సోమవారం ఎక్కించు. మాస్టారి సంగతి నేను చూసుకుంటాను. డ్రైవు అజాగ్రత్తగా వదిలేశానని ఒక ముక్క రాసిస్తే చాలు, హెచ్చరికతో సరిపెట్టి పనిలోకి తీసుకుందాం. ఆయన ఉద్యోగం ఉంటుంది, నీ ఉద్యోగం ఉంటుంది."

"ఆయన వదల్లేదు కదండీ."

"వదల్లేదని ఎవరికి తెలుసు?" గొంతు ఇంకా తగ్గించాడు. "చూడమ్మా, ఈ రికార్డు తప్పని నువ్వు రేపు ఆవిడ ముందు అన్నావనుకో, నిరుటి కాగితం కూడా బయటికొస్తుంది. ఆ లేబుళ్ళ పిల్లది. దాని మీద రిపోర్టు ఇచ్చింది నువ్వు. నేనడిగితే ఇచ్చావు, నిజమే. కానీ రాసింది నువ్వు. ఆలోచించుకో."

ఆమె గ్లాసు ముట్టుకోకుండా లేచింది. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదని మెట్లు దిగుతూ గ్రహించింది.

పదింటికి గేటు దగ్గరికి వెళ్ళింది. మాస్టారు పుస్తకం మీదికి వంగి సంతకం పెడుతున్నాడు. తారీఖు, టైము, నిమిషాలతో సహా. వాచ్‌మన్ ఎటో చూస్తున్నాడు. లోపలికి వెళ్తున్న లారీ డ్రైవరు అలవాటుగా చెయ్యెత్తబోయి, స్టీరింగు మీదికి దించేసుకున్నాడు. ఆమె మాస్టారిని గోడవారకి తీసుకెళ్ళి, ఒక్క ఊపిరిలో చెప్పేసింది. బ్లాకు పెట్టి చూశానని, పాతిక చూపించలేదని చెప్పింది. ఆయన భాషలో అంతకన్నా ఎలా చెప్పాలో తెలియలేదు.

మాస్టారు సంతోషిస్తాడని, లేకపోతే తిడతాడని ఆమె ఎదురుచూసింది.

"ముందు చదివిన నంబరే మళ్ళీ రాస్తుందన్నమాట," అన్నాడు. "మొదటినుంచీ ఇంతేనా?"

"మొదటినుంచీ ఇంతే."

"అయితే ఆ లేబుళ్ళ అమ్మాయి?"

ఆమె తల వంచుకుంది. మాస్టారు గోడకి చెయ్యి ఆనించాడు.

"ఆ విచారణలో నేనున్నానమ్మా. సీనియర్ని కదా అని కూర్చోబెట్టారు. ఆ టైముకి భోజనానికి వెళ్ళానండీ, డ్రైవు నా దగ్గరే ఉందండీ అని ఏడ్చిందా పిల్ల. అచ్చం నేను మొన్న చెప్పినట్టే. నేనేమన్నానో తెలుసా? యంత్రానికి నీ మీద కక్షేముంటుందమ్మా అన్నాను. ఆ కాగితం మీద మూడో సంతకం నాది." గోడ మీంచి చెయ్యి తీసి, "మొన్న మిమ్మల్ని అడిగిన ప్రశ్న, నిరుడు అడగాల్సింది. నా మీదికి వచ్చేదాకా తోచలేదు," అన్నాడు.

ఇన్‌చార్జి ఇవ్వబోయే కాగితం సంగతి కూడా ఆమె చెప్పింది. ఆయన విన్నాడో లేదో తెలియలేదు. ఎండలో గొడుగు చంకలోనే పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం పెద్దాఫీసు మేడమ్ వచ్చింది. తక్కువ మాటల మనిషి. బల్ల మీద గోధుమరంగు కవరు, పక్కన ప్రింటు కాగితం, ఇన్‌చార్జి టైపు చేయించి ఉంచిన క్షమాపణ కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను. మాస్టారు ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెన్ను వైపు చూడలేదు.

"ఈ రికార్డు మీరు రాసిన ప్రోగ్రాముదేనా?" మేడమ్ అడిగింది.

"నాదే."

"సరైనదేనా?"

ఇన్‌చార్జి ఆమె వైపు చూస్తున్నాడు. కంప్యూటరమ్మకి తన చిన్నకూతురి బడి బూట్ల నుంచి మొదలుపెట్టి రకరకాలవన్నీ ఆ ఒక్క క్షణంలో గుర్తొచ్చాయి.

"కాదు మేడమ్," అంది. "ఆ కవరు తీసుకుని ఒకసారి కొలతల గదికి వస్తారా? కొలిచి చూపిస్తాను."

నలుగురూ వెళ్ళారు. ఆమె కంప్యూటరు తెర మేడమ్ వైపు తిప్పి, ఆవిడ ఫోనే అడిగి తీసుకుని, వైరు తగిలించింది. తెర మీద వరుస చేరింది. కొలతల మాస్టారు. మేడమ్ చేతిలో కవరుని తిప్పి చూసింది. అతుకు చెక్కుచెదరలేదు. ఇన్‌చార్జి వైపు చెయ్యి చాచింది. ఆయన ఫోను ఇవ్వక తప్పలేదు. అదీ కొలతల మాస్టారిదే అయింది. ఇన్‌చార్జి మొహం పాలిపోయింది.

"అయితే డ్రాయింగులు తీసుకెళ్ళింది ఎవరు?"

"తెలియదు మేడమ్. ఏదో ఫోను. అంతవరకే తెలుస్తుంది."

"తెలియదని నేను పెద్దాఫీసుకి రాయలేను."

"నా ప్రోగ్రాము కూడా రాయలేకపోయింది మేడమ్. అందుకే ఇలా అయింది."

తలుపు అద్దంలోంచి తొంగిచూస్తున్న ఇద్దరు ముగ్గురు పక్కకి తప్పుకున్నారు. వాళ్ళలో ఎవరైనా కావచ్చు, ఈ గదిలోనే ఎవరైనా కావచ్చు, ఇక ఎప్పటికీ తెలియకపోవచ్చు. మేడమ్ కవరు చింపి, ఎర్ర దారం డ్రైవుని మాస్టారి చేతిలో పెట్టి, సోమవారం నుంచి పనిలోకి రమ్మంది. మాస్టారు దాన్ని జేబులో వేసుకోలేదు.

"నిరుడు ప్యాకింగులో ఒక అమ్మాయిని తీసేశారు మేడమ్. ఇదే కాగితం చూసి. దాని మీద నా సంతకం ఉంది. అది వెనక్కి తీసుకుంటున్నాను."

"అది మూసేసిన ఫైలు. ఇవాళ్టి విషయం అది కాదు."

"నాకు ఇవాళ్టి విషయం అదే."

మేడమ్ పుస్తకంలో ఏదో రాసుకుంది. సాయంత్రానికి కంప్యూటరమ్మ పాస్‌వర్డు పనిచెయ్యడం మానేసింది. నిర్లక్ష్యం మీద వివరణ ఇవ్వాలి, తేలేదాకా రోజూ పదింటికి గేటు పుస్తకంలో సంతకం పెట్టాలి. మర్నాడు వెళ్ళి చూస్తే, పెట్టాల్సిన చోటు సరిగ్గా మాస్టారి సంతకం కిందే ఉంది. ఆమె తన పేరుకి ఎదురుగా తారీఖు, టైము, నిమిషాలతో సహా వేసింది.

ఆదివారం ఇద్దరూ కలిసి వెతుక్కుంటూ వెళ్ళారు. లేబుళ్ళ అమ్మాయి ఇప్పుడు నాలుగు వీధుల మొగలో ఒక ఇస్త్రీ షాపులో పనిచేస్తోంది. వీళ్ళని చూసి చేతిలో ఇస్త్రీపెట్టె ఆపలేదు. చొక్కా కాలరు తిప్పి, మెడ దగ్గర రెండుసార్లు నొక్కి, మడత పెట్టి పక్కన పెట్టింది. ఇంకోటి పరిచింది. కంప్యూటరమ్మ చెప్పిందంతా ఆ ఆవిరి మధ్యే విన్నది. బ్రాకెట్ల మధ్య ఖాళీ గురించి చెప్తున్నప్పుడు మాత్రం ఒక్కసారి తలెత్తింది.

మాస్టారు చొక్కా జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. తను రాసిన సాక్ష్యం. నిరుడు తప్పు తీర్పు మీద సంతకం పెట్టానని, ఆ అమ్మాయి నిర్దోషి అని సొంత దస్తూరీతో రాశాడు. చెమటకి తడిసి, నాలుగు మడతల దగ్గర నలిగిపోయి ఉంది.

"క్షమించమని అడగడానికి మొహం లేదమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి నిలబడే చదువుకుంది.

"మాస్టారూ, మొన్న మీరు తియ్యలేదని చెప్తే ఎవరైనా నమ్మారా?"

"లేదమ్మా."

"ఈవిడ చూపిస్తే నమ్మారు."

"అవును."

"నేనూ చెప్పాను. నాకెవరూ చూపించలేదు," అంది. గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట ఇద్దరికీ తిన్నగా తగిలింది.

కాసేపటికి ఇస్త్రీపెట్టె వేడి తగ్గించి, పరిచిన చొక్కా తీసేసి, ఆ కాగితాన్ని బట్ట మీద పరిచింది. పైన పల్చటి గుడ్డ వేసి, అంచుల నుంచి మధ్యకి మెల్లగా నొక్కుకుంటూ వచ్చింది. మడతలు పోయేదాకా నొక్కింది.

"మా అత్తగారికి చూపించాలి," అంది. "ఆ రోజు నుంచి బీరువా తాళం నా చేతికివ్వరు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఆ తాళం ఆవిడ కొంగుకే ఉంటుంది. మా ఆయన ఏమీ అనరు, కానీ జేబులో చిల్లర లెక్కపెట్టుకుని గానీ చొక్కా కొక్కేనికి తగిలించరు."

కంప్యూటరమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. తుడుచుకోవడానికి కూడా సిగ్గేసి అలాగే నిలబడింది.

ఆ అమ్మాయి బల్ల కింద సొరుగు లాగి, రసీదులు రాసే పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి, పెన్నుతో సహా ఆమె ముందు పెట్టింది.

"మీరూ రాయండి. ఆ లైను రాసింది మీరే కదా."

కంప్యూటరమ్మ బల్ల మీదికి వంగి రాయడం మొదలుపెట్టింది. చాలాకాలం తర్వాత తన అసలు పేరుతో.